పోయిన వారం ఏమనుకుంటిమి?

(ఓర్వకల్లులో చేసిన స్మారక ఉపన్యాస పాఠం)



ఈ ఉపన్యాస నిధి పెట్టిన కుటుంబం నన్ను ఒక్కటే కోరింది. తమ నాన్నగారి గుణగణాలు వర్ణించవద్దు, ఆయన్ను చివరిదాకా వేధించిన ప్రశ్న గురించి మాట్లాడండి అన్నారు. ఆయన బడిపంతులు. ఊళ్లో తెలివైనవాళ్లకు కొదవలేదు, తెలిసిన సంగతి పని దాకా ఎందుకు రాదు అన్నది ఆయన ప్రశ్న. దానికి జవాబు ఈ మండలంలోనే దొరుకుతుందని నా నమ్మకం. గ్రామీణ బ్యాంకు ఉద్యోగిగా ఈ పక్క ఊళ్లు తిరిగినవాణ్ణి కాబట్టి చూసిందీ చదివిందీ కలిపి చెబుతాను.

ముందు ఒక చిన్న లెక్క. మెట్ట సేద్యం చేసుకునే ఇంట్లో విత్తనాలకో జబ్బుకో ఐదు వందలు అప్పు తెచ్చారనుకుందాం. వడ్డీ నూటికి ఐదు రూపాయలు. నెలకు ఇరవై ఐదు, ఏడాదికి మూడు వందలు. రెండేళ్లు తిరిగేసరికి ఆరు వందలు కట్టి ఉంటారు. అసలు ఐదు వందలు అలాగే ఉంటుంది. ఈ లెక్క రాయలసీమలో ఏ ఇల్లాలికీ ఎవరూ నేర్పనక్కర్లేదు. కానీ ఆమె దాన్ని ఎవరితోనూ అనదు. అప్పు ఇంటి గుట్టు. పక్కింటామెకు తెలిస్తే పరువు పోతుంది. పక్కింటామె కూడా సరిగ్గా అదే కారణంతో నోరు విప్పదు. ఒకే వీధిలో పదిహేను ఇళ్లు, పదిహేను అప్పులు, ప్రతి ఒక్కరికీ అది తమ ఒక్కరి తలరాత.

ఆ పదిహేను మందీ ఒకరోజు రాత్రి రచ్చబండ దగ్గరో బడి వరండాలోనో కూర్చుని, మొదట ఒకామె, తర్వాత ఇంకొకామె తమ వడ్డీ సంగతి బయటపెడితే లెక్క మారిపోతుంది. ఏడాదికి తలా మూడు వందలు, వీధి మొత్తానికి నాలుగున్నర వేలు బయటికి పోతోంది. అదే పదిహేను మంది రోజుకు ఒక్క రూపాయి పక్కన పెడితే ఏడాదికి 5,475 రూపాయలు. పోయే వడ్డీ కంటే కూడబెట్టగలిగేది ఎక్కువ! ఇది ఎవరో పండితుడు కనిపెట్టిన సిద్ధాంతం కాదు. కూర్చుని మాట్లాడుకున్న ఆడవాళ్లు తమకు తామే కనుక్కున్నది. విడివిడిగా ఎంత తెలివైన మనిషికైనా కనపడనిది నలుగురి ముందు చెప్పగానే కనపడింది.

అయితే ఇంతవరకు వచ్చి ఆగిపోయిన ఊళ్లు బోలెడు. మీటింగు పెట్టారు, బాధలు చెప్పుకున్నారు, కన్నీళ్లు పెట్టుకున్నారు, ఇళ్లకు పోయారు. నేను ఇవాళ మాట్లాడదలచింది ఆ తర్వాతి అడుగు గురించే.

నెల్లూరు కథ మీకందరికీ తెలిసిందే కానీ ఒకసారి మళ్లీ చూడాలి. 1990 తర్వాత ఆ జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం సాగింది. రాత్రి బడుల్లో ఆడవాళ్లు పలక పట్టారు. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది, సారా వల్ల చితికిపోయిన సంసారం గురించి. దూబగుంట ఆడవాళ్లు ఆ పాఠం చదివి, ఇది మన ఊరి సంగతే కదా అనుకున్నారు. 1992లో సారా అంగడి ముందు నిలబడ్డారు. వాళ్లలో ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. ఆ పాఠాన్నే జిల్లాలో ఊరూరా చదివారు, ఊరూరా మాట్లాడుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ఆ సంపూర్ణ నిషేధాన్ని ఎత్తేశారు.

అదే ఉద్యమం నుంచి ఇంకొకటి పుట్టింది, అంత చప్పుడు లేకుండా. సారాకు పోయే డబ్బు ఇంట్లో మిగిలితే దాన్ని ఏం చేయాలి? రోజుకో రూపాయి దాచుకుందాం అన్నారు నెల్లూరు ఆడవాళ్లు. అదే పొదుపులక్ష్మి. నిషేధం ప్రభుత్వం చేతిలో ఉన్నది, ప్రభుత్వం ఇచ్చింది, ప్రభుత్వం తీసుకుంది. రూపాయి పొదుపు వారం వారం కూర్చునే ఆడవాళ్ల చేతిలో ఉన్నది, అది ముప్పై ఏళ్లు దాటినా నిలిచింది. పోరాటం చిన్నదని నేననను. ఆ ధైర్యం లేకపోతే పొదుపే లేదు. కానీ ఒక్కరోజు ఉప్పెనగా లేచిన ఆలోచనకూ, ప్రతి వారం ఒక గంట అడిగే ఆలోచనకూ ఆయుష్షులో ఎంత తేడా ఉందో చూడండి.

ఇక్కడ కొంచెం దూరం వెళ్లి రావాలి, ఎందుకంటే ఈ వారం వారం కూర్చునే పద్ధతి మన దాకా వచ్చిన దారి చాలా పొడవైనది. జర్మనీలో రైఫైజెన్ అనే ఒక చిన్న ఊరి అధికారి కరువు రోజుల్లో మొదట పేదలకు దానధర్మాలు చేయించాడు. దానంతో అప్పు తీరదని అనుభవంలో గ్రహించి, 1864లో హెడ్డెస్‌డోర్ఫ్‌లో రైతులు ఒకరికొకరు పూచీ ఉండే పరపతి సంఘం పెట్టాడు. మద్రాసు ప్రభుత్వం 1890లలో ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారిని యూరప్ పంపి ఆ సంఘాలు చూసి రమ్మంది. ఆయన పెద్ద నివేదిక రాశాడు. దాని వెనక ధాతు కరువు జ్ఞాపకం ఉంది. 1871, 1881 జనాభా లెక్కల మధ్య మన కర్నూలు జిల్లా జనంలో సుమారు నాలుగో వంతు తగ్గిపోయారు, ఆ పదేళ్ల నడుమే ఆ కరువు నడిచింది. నికల్సన్ చివరకు తేల్చిందేమంటే, చట్టం కంటే ముందు రైఫైజెన్ లాంటి మనిషి కావాలని. 1904లో చట్టం మాత్రం వచ్చింది. సహకార సంఘాలు పై నుంచి పుట్టాయి, వాటిలో చాలా ఊళ్లలో పెత్తందార్లే కూర్చున్నారు.

రైఫైజెన్ మాటను మళ్లీ నేలమీదికి తెచ్చిన మనిషి అఖ్తర్ హమీద్ ఖాన్. ఐ.సి.ఎస్. ఉద్యోగం వదులుకున్నవాడు. 1959 నుంచి కుమిల్లాలో, అప్పటి తూర్పు పాకిస్తాన్‌లో, రైతులతో వారం వారం మీటింగులు, వారం వారం పొదుపు నడిపాడు. ఆయన శిష్యుడు షోయబ్ సుల్తాన్ ఖాన్ 1982 చివర్లో గిల్గిత్ కొండల్లో ఆ పద్ధతి మొదలుపెట్టాడు. 1993 ఢాకా సార్క్ సమావేశంలో పేదరికం మీద ఒక కమిషన్ నివేదికను ఏడు దేశాలూ ఒప్పుకున్నాయి. దాని ఫలితంగా అదే పద్ధతిలో యు.ఎన్.డి.పి. దక్షిణాసియా పేదరిక నిర్మూలన కార్యక్రమం మొదలైంది. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో దానికి కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లోని 20 మండలాలు ఎంపికయ్యాయి. అక్షరాస్యతా ఉద్యమం నాడు నెల్లూరు కలెక్టరుగా ఉన్న కొప్పుల రాజు భారతదేశంలో దాని బాధ్యత తీసుకున్నారు. ఆ మండలాల్లో ఒకటి ఓర్వకల్లు. ఒక జర్మనీవాడి అనుభవం, బెంగాలు పొలాలు, హిమాలయ లోయలు, నెల్లూరు సారా పోరాటం, అన్నీ కలిసి 1990ల నడిమికి ఇక్కడి బండల నేలకు వచ్చి చేరాయి. షోయబ్ సుల్తాన్ ఖాన్ అనే పాకిస్తానీ పెద్దమనిషి కర్నూలు పల్లెల్లో చాప మీద కూర్చుని మన ఆడవాళ్ల లెక్కలు విన్నాడంటే, ఆ పని పట్ల నాకు గౌరవం రెట్టింపు అవుతుంది.

అప్పటి ఓర్వకల్లు ఎట్లుండేదో కాలేజీ పిల్లల కోసం చెబుతాను. కర్నూలు నుంచి నంద్యాల పోయే రోడ్డు మీద ఎర్రని, నల్లని రాతిగుట్టలు. ఇవాళ రాక్ గార్డెన్ అని టిక్కెట్టు కొని చూసే గుట్టలు అవే. కింద వానమీద ఆధారపడ్డ నేల. జిల్లా మొత్తానికి ఏడాది సగటు వాన 670 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది, అది కూడా వచ్చినప్పుడే వచ్చినట్టు. జొన్న, ఆముదం, కంది, పత్తి. పంట పోతే పక్కనే బేతంచెర్ల నాపరాళ్ల గనుల్లో కూలి. జిల్లాలో సీడ్ పత్తి విస్తరించే కాలం. ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకు అద్దే క్రాసింగ్ పనికి చిన్న వేళ్లు కావాలని ఆడపిల్లల్ని పెట్టుకునేవాళ్లు. అడ్వాన్సు తెచ్చుకున్న ఇంటి పిల్ల ఆ సీజను బడి మొహం చూసేది కాదు.

పొదుపు సంఘాల మీటింగుల్లో డబ్బు లెక్కలు కుదురుకున్నాక మొదట బయటికొచ్చిన పెద్ద సంగతి ఇదే. నీ బిడ్డ యాడుంది అని ఒకామె ఇంకొకామెను అడగడం మొదలైంది. అధికారి అడిగితే బడికి పోతోందని చెప్పవచ్చు. పక్క చాపలో కూర్చున్నామెకు అబద్ధం చెప్పడం కుదరదు, ఆమె పొద్దున్నే చూసింది కాబట్టి. అడిగినామె ఊరికే అడగదు. అడ్వాన్సు తీర్చడానికి సంఘం నుంచి అప్పు ఇప్పిస్తుంది. ప్రశ్నతో పాటు దారి కూడా చూపిస్తుంది. ఆ రెండూ ఒకే చాప మీద ఉండటంలోనే ఉంది అసలు బలం.

ఇప్పుడు నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట. ఈ సంఘాలను గొప్పగా చెప్పేవాళ్లు లీడర్ల గురించి చెబుతారు, బ్యాంకు అప్పుల కోట్ల గురించి చెబుతారు. బ్యాంకు మనిషిగా ఆ కోట్ల విలువ నాకు తెలుసు. 1991లో రిజర్వు బ్యాంకు అనుమతి ఇచ్చి, 1992లో నాబార్డు 500 సంఘాలతో ప్రయోగం మొదలుపెట్టేదాకా రిజిస్ట్రేషన్ లేని ఆడవాళ్ల గుంపుకు అప్పు ఇవ్వడానికి మా నియమాల్లో చోటే లేదు. ఆ తలుపు తెరుచుకోవడం పెద్ద మలుపే. అయినా ఆలోచనను పనిగా మార్చింది డబ్బని నేననుకోను. సంఘం మినిట్స్ పుస్తకం, దాంతో పాటు మీటింగు మొదలవగానే అడిగే ఒక ప్రశ్న, ఈ రెండే మార్చాయని నా అభిప్రాయం.

పోయిన వారం ఏమనుకుంటిమి?

బుక్కీపరు పిల్ల పాత పేజీ తిప్పి చదువుతుంది. ఫలానా తేదీ, ఫలానా ఆమెకు గొర్రెపిల్లకు ఇన్ని రూపాయలు, వాయిదా ఇంత. చేతిపంపు బాగు చేయించమని మండలాఫీసుకు పోయేది ఫలానా ఇద్దరు. ఆ ఇద్దరూ అక్కడే ఉంటారు. పోయామా లేదా చెప్పాలి. పోకపోతే ఎందుకు పోలేదో చెప్పాలి. తిట్టేవాళ్లు లేరు, కానీ పేరు, తేదీ, పని కాగితం మీద ఉన్నాయి. కింద వేలిముద్రలున్నాయి, వణికే సంతకాలున్నాయి. మనలో చదువుకున్నవాళ్లం ఎన్ని గొప్ప ఆలోచనలు చేసి, ఎన్ని సభల్లో చప్పట్లు కొట్టించుకుని ఉంటాం! వారం తిరిగేసరికి మనల్ని పేరు పెట్టి అడిగే మనిషి ఎవరైనా ఉన్నారా? ఆ పంతులుగారి ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇంతే. తెలిసిన సంగతి పని కావాలంటే, మనకు కట్టుబడినవాళ్ల ముందు దాన్ని చెప్పాలి. తేదీ వేసి, ఎవరి వంతు ఏమిటో రాయాలి. వారానికి ఆ రాసినదాన్ని మళ్లీ చదివి వినిపించాలి. చివరిది లేకపోతే మొదటి రెండూ నిలవవు.

సంఘాలు కలిసి గ్రామైక్య సంఘాలయ్యాయి, అవి కలిసి ఓర్వకల్లు మండల పొదుపులక్ష్మి ఐక్య సంఘమైంది. వెనక ఉండి దానికి నడక నేర్పిన విజయభారతి గారి పేరు ఈ సభలో చెప్పకపోతే తప్పు. ఊళ్లో సంఘానికి చేతకానిది, అంటే బ్యాంకుతో మాట్లాడటం, అధికారితో వాదించడం, పక్క ఊరి తగువు తీర్చడం, మండలంలో అయింది. చివరకు తమ పిల్లల కోసం బాలభారతి పేరుతో బడి పెట్టుకునేదాకా వచ్చారు. ఒకప్పుడు తమ బిడ్డల్ని పత్తి చేలకు పంపక తప్పని వర్గం నుంచి వచ్చిన ఆడవాళ్లు బడి కమిటీలో కూర్చోవడం అంటే, అది ఏ కాగితం మీదా ఒదగని మార్పు.

2000లో వెలుగు అనే ప్రభుత్వ కార్యక్రమం వచ్చింది, పేదరిక నిర్మూలన సంస్థ ఏర్పడింది, పద్ధతి రాష్ట్రమంతా పాకింది. తర్వాత మన ఆడవాళ్లు బీహార్‌కు, ఇంకా దూరపు రాష్ట్రాలకు సీఆర్పీలుగా, అంటే సంఘం నడపడం నేర్పే కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లుగా పోయారు. హిందీ అరకొరగా వచ్చినవాళ్లు, రైలు ఎక్కడం అదే మొదటిసారి అయినవాళ్లు. అక్కడి పల్లెల్లో రోజుల తరబడి ఉండి, తమ అప్పు కథ తామే చెప్పి, సంఘం కూర్చోబెట్టి వచ్చారు. 2011లో మొదలైన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ పంచసూత్రాలు అని చెప్పేవాటిలో వారం వారం మీటింగు మొదటిది, పుస్తకాలు సరిగా రాయడం చివరిది. మధ్యలోవి పొదుపు, లోపలి అప్పులు, వాటిని వేళకు తిరిగి కట్టడం. మన చాపల మీద అరిగిన మాటలే అవి.

ఇంత చెప్పాక చేదు కూడా చెప్పాలి. 2010 అక్టోబరులో మైక్రోఫైనాన్సు సంస్థల మీద రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఒక్కో ఇంటికి మూడు నాలుగు చోట్ల నుంచి అప్పులు, వారం వారం వసూలు, ఒత్తిడి తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్న వార్తలు. ఆ సంస్థలు కూడా గుంపులే కట్టాయి, వారానికోసారే కూర్చోబెట్టాయి. పైకి చూస్తే అంతా ఒకటే. కానీ అక్కడ పోయిన వారం ఏమనుకుంటిమి అని అడిగేవాళ్లు లేరు, ఈ వారం ఎంత తెచ్చినావు అని అడిగేవాళ్లే ఉన్నారు. మన సంఘాల్లో కూడా లక్ష్యాల ఒత్తిడి పెరిగినచోట సంతకాల మీటింగులు మొదలయ్యాయి. లీడరు ఇంటింటికీ పుస్తకం పంపి సంతకం తెప్పించుకుంటుంది. కాగితం మీద మీటింగు జరిగింది. మనుషుల మధ్య జరగలేదు. ఇప్పుడు ఫోనులో యాప్ వచ్చింది. లెక్కలకు అది మేలే, మోసం తగ్గిస్తుంది. అయితే యాప్‌లో హాజరు వేసి చాప మానేస్తే, ఆడపిల్ల యాడుందని అడిగే నోరు పోతుంది.

ఇంకొకటి నన్ను ఎక్కువ బాధపెడుతుంది. మన జిల్లా పడమటి మండలాల నుంచి ఏటా కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు మిరప కోతలకు, పత్తి తీతకు సుగ్గికి పోతాయి. నెలల తరబడి ఊళ్లో ఉండరు. మీటింగుకు రానందుకు జరిమానా, వాయిదా తప్పినందుకు పేరు చెడటం, చివరకు సంఘం నుంచి జారిపోవడం. అందరికంటే పేదరాలు ఎవరో ఆమెకే ఈ పద్ధతి అందలేదు. వారం వారం ఒకే చోట కూర్చోగలగడం కూడా ఒక స్థిరత్వం ఉన్నవాళ్లకే సాధ్యమని మనం ఒప్పుకోవాలి. సుగ్గికి పోయిన చోటే, ఆ గుడిసెల దగ్గరే మీటింగు పెట్టి, ఫోనులో ఇక్కడి పుస్తకంలో రాయించే ఏర్పాటు ఎందుకు చేయకూడదు? సీఆర్పీ బీహార్ పోగలిగినప్పుడు గుంటూరు పోవడం కష్టమా?

ఇప్పటి ఓర్వకల్లుకు పెద్ద పెద్ద ఆలోచనలు బయటి నుంచి వస్తున్నాయి. గని, శకునాల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తయింది. 2021 మార్చిలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరుతో విమానాశ్రయం వచ్చింది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఓర్వకల్లు పారిశ్రామిక నగరానికి ఆమోదం ఇచ్చింది, 2,621 ఎకరాలు, 2,786 కోట్ల రూపాయల అంచనా. నేను వీటికి వ్యతిరేకిని కాను. మా కాలంలో డిగ్రీ చదివిన పిల్లాడు బెంగళూరు బస్సు ఎక్కడం తప్ప వేరే దారి ఎరిగేవాడు కాదు. కానీ భూమి ఇచ్చినవాళ్లకు ఏ పని వస్తుందో, ఎవరికి శిక్షణ ఇస్తారో, నీళ్లు ఎక్కడివో, ఇవన్నీ ఏ మీటింగులో ఎవరు అడుగుతారు? మండలంలో వారం వారం అడగడం అలవాటున్నవాళ్లు మీరే కదా అక్కా. గ్రామైక్య సంఘం అజెండాలో పరిశ్రమ అనే మాట కూడా చేర్చండి. అధికారి మాట ఇస్తే తేదీతో సహా రాసుకోండి. వచ్చే నెల మళ్లీ చదివి వినిపించండి. నీళ్ల సంగతీ అంతే. వాన నీళ్లు చేలో నిలవకుండా పోతాయని ఇక్కడి రైతుకు ఎప్పుడూ తెలుసు. 2025 మార్చిలో ఇదే మండలం పూడిచెర్లలో సేద్యపు కుంటల పని మొదలైనప్పుడు ఆ తెలిసిన సంగతికి ఒక తేదీ దొరికింది. కుంట తవ్విన ఏడాదికి అందులో నీరెంత నిలిచింది, పూడిక ఎంత పడింది, ఎవరి చేను తడిసింది అన్నది రాయవలసింది మళ్లీ మీ పుస్తకమే.

విద్యార్థులకు, నిధి నిర్వాహకులకు కలిపి ఒక ప్రతిపాదన పెడుతున్నాను. 1990ల నాటి మినిట్స్ పుస్తకాలు ఇప్పటికీ ఈ ఊళ్లలో ట్రంకు పెట్టెల్లో, అటకల మీద ఉన్నాయి. కొన్నింటికి చెద పట్టింది. ఈ నేల మీద పేద ఆడవాళ్లు తమంతట తాము ఏమనుకున్నారో, ఏం చేశారో వాళ్ల చేతి రాతలో ఉన్న చరిత్ర అదొక్కటే. ఈ ఏడాది నిధి వడ్డీని నాకు పారితోషికంగా ఇవ్వవద్దు. దాంతో ఒక స్కానరు కొనండి. ఊరికో బుక్కీపరు అక్క, ఊరికో కాలేజీ పిల్ల కలిసి, యజమానుల అనుమతితో, ఇళ్ల అప్పు వివరాలు బయటికి పోకుండా జాగ్రత్తపడి, పేజీ పేజీ భద్రం చేయాలి. అసలు పుస్తకం ఎవరిది వాళ్లకు తిరిగి ఇచ్చేయాలి. మొదటి ఊరు ఏదో మీరే చెప్పండి. ఇంటింటికీ పోయి అడిగేది ఎవరో పేర్లు ఇవాళే ఇవ్వండి. నా వంతుగా పాత లెక్కల్లో అర్థం కాని పద్దులు విడమరచి చెప్పడానికి నేను వస్తాను. మైకు ఆపాక ముందు వరసలో ఉన్న బుక్కీపరు అక్క పుస్తకం తెరుస్తుంది, ఈ తీర్మానం కింద సంతకాలు పెట్టి, వచ్చే వారం కూర్చునే రోజు రాసి వెళ్దాం.